సీఎంటీ ఉన్నవాళ్లకు మద్యం, మందులు, మనసు: ఏది ఎలా చూసుకోవాలి

చార్కో-మేరీ-టూత్ వ్యాధిని అందరూ పొట్టిగా సీఎంటీ అంటారు. 1886లో దీన్ని వర్ణించిన ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టిన పేరది. పళ్లతో దానికి ఏ సంబంధమూ లేదు. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మోకాలి కింద కండ సన్నబడుతుంది, అరికాలి వంపు లోతవుతుంది, మడమల మీద నిలబడటం చేతకాదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ చొక్కా గుండీ పెట్టుకోవడమూ పనే అవుతుంది.

జబ్బును వెనక్కి తిప్పే మందు ఇంకా రాలేదు. అందుకే డాక్టరు గదిలో మాట త్వరగా అయిపోతుంది: ఫిజియోథెరపీ, కాలికి బ్రేస్, ఆర్నెల్లకోసారి చూపించుకోవడం. పెళ్లిలో ఒక పెగ్గు వేసుకోవచ్చా, మెడికల్ షాపువాడు ఇచ్చిన మాత్ర మింగొచ్చా, ఈ దిగులు జబ్బు వల్లేనా అన్నవి అడగకుండానే బయటికి వచ్చేస్తారు. నిజానికి ఈ మూడూ ఒకే లెక్క. దిగులుతో బీరు, బీరుతో యూరిక్ యాసిడ్, దాంతో కీలువాతం (గౌట్) వచ్చిందని నెలల తరబడి కాల్చిసిన్ అనే మాత్ర, ఆ కాల్చిసిన్‌తో నరానికి మరో దెబ్బ. ఒకదాని గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు మిగతా రెండూ కళ్ల ముందు ఉండాలి. కింద చెప్పిన పద్ధతంతా అందుకే.

1. ముందు ఒక కాగితం రాసుకోండి

ఒకే పేజీ. పైన జబ్బు పేరు, రకం, ఏ జన్యువో తెలిస్తే అది. దాని కింద ఇప్పుడు వాడుతున్న ప్రతి మందూ: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట. బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరు కూడా ఉండాలి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. విటమిన్లు, ఆయుర్వేదం, ఎవరో తెచ్చిచ్చిన పొడులు కూడా రాయాలి. ఆ కింద నాలుగు పరీక్షల తాజా ఫలితాలు: కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ ఫంక్షన్, బీ12, షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. చివర్లో, వాడకూడని మందుల పేర్లు. ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి, ఒక కాపీ ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి.

రకం తెలియకపోతే తెలుసుకోవడం మంచిది. ఎక్కువమందిలో ఉండే సీఎంటీ1ఏలో 17వ క్రోమోజోమ్ మీది పీఎంపీ22 జన్యువు ఒక కాపీ ఎక్కువ ఉంటుంది. జన్యువులన్నీ చదివే ఖరీదైన ఎక్సోమ్ పరీక్ష చేయించినా ఈ అదనపు కాపీ దొరక్కుండా జారిపోవచ్చు, కాబట్టి నరాల్లో సంకేతాల వేగం బాగా తగ్గినవాళ్లకు ముందు జన్యువు కాపీలు లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ అనే పరీక్ష గురించి అడగండి. అదే జన్యువు ఒక కాపీ తక్కువైతే హెచ్‌ఎన్‌పీపీ, అంటే కాస్త నొక్కుకున్నా నరం మొద్దుబారే రకం. మేనరికం పెళ్లిళ్లున్న కుటుంబాల్లో, తల్లిదండ్రులిద్దరికీ లక్షణాల్లేకుండా పిల్లలకు మాత్రమే వచ్చే రకాలూ చూడాలి. హైదరాబాద్‌లో నిమ్స్ వైద్య జన్యు విభాగం, జన్యు పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఈ పనిలో ఉన్నాయి.

రకం తెలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీఎంటీ1లో, అంటే నరం మీది పొర దెబ్బతినే రకంలో, నరాలు లావెక్కి చర్మం కింద తాడులా తగలొచ్చు. మన దగ్గర లావెక్కిన నరం, స్పర్శ లేని పాదం చూడగానే కుష్ఠు అనుమానం రావడం సహజం. పొరపాటున ఆ చికిత్స మొదలైతే అందులో ఉండే డాప్సోన్, నరాలకు చేటు చేసే మందుల జాబితాలోదే.

2. మందుల్ని మూడు గంపలుగా విడదీయండి

మొదటి గంపలో ఒక్కటే పేరు: విన్‌క్రిస్టిన్. లుకేమియా, లింఫోమాలకు ఇచ్చే కీమో మందు. సీఎంటీ1ఏ ఉన్నవాళ్లలో ఒకటి రెండు డోసులకే కాళ్లూ చేతులూ పడిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి. కొందరికి తమకు సీఎంటీ ఉందని తెలిసిందే అలా. ఇంట్లో పిల్లవాడికి లుకేమియా అన్నప్పుడు, తాతకో తండ్రికో వంపు పాదాలు, వంకర వేళ్లు ఉంటే కీమో మొదలుకాకముందే చెప్పాలి. ఎవరూ అడగరని ఊరుకోకండి.

రెండో గంప, వేరే దారి ఉంటే తప్పించుకోవాల్సినవి. కీమోలో సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్, పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్, బోర్టిజోమిబ్. వీటి సంగతి కాన్సర్ డాక్టరు, న్యూరాలజిస్టు మాట్లాడుకుని తేల్చాలి. గుండె లయకు వాడే అమియోడరోన్, కీళ్లకు వాడే లెఫ్లునోమైడ్, కొన్ని రక్త కాన్సర్లకు వాడే థాలిడోమైడ్, తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ కూడా ఇందులోవే.

మనవాళ్లకు రోజూ తగిలేవి మాత్రం యాంటీబయాటిక్స్. జ్వరానికో విరేచనాలకో షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్రల్లో ఆఫ్లాక్ససిన్, సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ తరచూ ఉంటాయి. ఈ జాతి మందులతో నరాలకు శాశ్వత నష్టం జరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరికను కఠినం చేసింది. మడమ వెనక స్నాయువు తెగే ముప్పు కూడా వీటితో ఉంది. సీఎంటీలో ఆ స్నాయువు అసలే బిగుసుకుని ఉంటుంది. మెట్రోనిడజోల్ అయిదు రోజులు వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు, వారాల తరబడి సాగితేనే చిక్కు. మూత్రం ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరంటాయిన్ రాస్తే, ముందు క్రియాటినిన్ చూసి వేరే మందు కుదురుతుందా అని అడగండి. ప్రాణం మీదికొచ్చి ఆ మందే కావాలంటే వాడాల్సిందే. ఆ మాట డాక్టరు తెలిసి చెప్పాలి, షాపు కౌంటరు మీద కాదు.

టీబీ వస్తే ఐసోనియాజిడ్ మానొద్దు. దానితోపాటు బీ6 ఇస్తున్నారా అని చూసుకోండి. నరాల జబ్బు ఉన్నవాళ్లకు రోజుకు 25 నుంచి 50 మిల్లీగ్రాముల మధ్య డాక్టరు నిర్ణయిస్తారు. మొండి టీబీకి వాడే లినెజొలిడ్ అయితే నరాల పరీక్ష మధ్యమధ్యలో తప్పదు.

మూడో గంప "నరాల బలానికి" అంటూ అమ్మేవి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఐసోనియాజిడ్‌తో అవసరమైన అదే బీ6, కారణం లేకుండా రోజూ పెద్ద డోసులో తీసుకుంటే తానే నరాల్ని పాడుచేస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్లకు రోజుకు 12 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఇంట్లో ఉన్న అట్టలన్నీ బల్ల మీద పరిచి, ప్రతిదాని వెనకా పైరిడాక్సిన్, అంటే బీ6, ఎంతుందో చూసి కూడండి. మల్టీవిటమిన్, నొప్పి మాత్ర, "మిథైల్‌కోబాలమిన్ ప్లస్" పేరుతో వచ్చే బీ12 మాత్ర, మూడింట్లోనూ అది దాక్కుని ఉండొచ్చు. బీ12 లోపముంటే తప్పక వాడాలి. శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడే షుగరు పేషెంట్లు ఏడాదికోసారి చూపించుకోవాలి. లోపం లేనివాళ్లకు అది సీఎంటీని బాగుచేయదు. విటమిన్ సీ పెద్ద డోసులతో సీఎంటీ1ఏ మీద ప్రయోగాలు చేశారు, ఉపయోగం కనపడలేదు. భస్మాలు, నాటు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ బయటపడిన సందర్భాలున్నాయి. ఈ లోహాలు నేరుగా నరాలకు విషం.

ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ఆ కాగితం ముందుగానే చూపించి, మోచేతుల కిందా మోకాళ్ల పక్కనా మెత్తలు పెట్టమని అడగండి. పిర్ర మీద ఇంజెక్షన్ సంగతి కూడా: కండ సన్నగా ఉన్నచోట సూది తుంటి నరానికి తగిలే ముప్పు ఎక్కువ. మాత్రతో పోయేదానికి సూది అడగొద్దు.

3. నొప్పి ఏ రకమో తేల్చుకున్నాకే మాత్ర

సీఎంటీలో రెండు రకాల నొప్పి ఉంటుంది. ఒకటి మంట, తిమ్మిరి, షాకులాంటి పోటు. రాత్రిళ్లు, పడుకున్నాక ఎక్కువ. ఇంకొకటి నడక తేడా వల్ల మడమ, మోకాలు, నడుం లాగే నొప్పి. రోజంతా నిలబడ్డాక ఎక్కువ, కూర్చుంటే తగ్గుతుంది. రెండోదానికి ప్రీగాబలిన్ ఎంత మింగినా పనిచేయదు. బూటు, బ్రేస్, వ్యాయామం కావాలి. వారం రోజులు నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని రాసి తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

మొదటి రకానికి సాధారణంగా ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సిటిన్‌లలో ఒకటి ఇస్తారు. తక్కువతో మొదలవ్వాలి: ప్రీగాబలిన్ రాత్రి 25 నుంచి 75, అమిట్రిప్టిలిన్ రాత్రి 10, డ్యులోక్సిటిన్ ఉదయం 20 లేదా 30 మిల్లీగ్రాములు. వారానికోసారి కన్నా త్వరగా పెంచొద్దు. ప్రీగాబలిన్‌తో కళ్లు తిరగడం, పాదాలు వాయడం మామూలే, కానీ సీఎంటీ పాదం వాస్తే బ్రేస్ పట్టదు, ఒరుసుకుని పుండు పడుతుంది, స్పర్శ లేక తెలియదు. సాయంత్రం పూట వేలితో చీలమండ పైన పది సెకన్లు నొక్కి చూడండి. గుంట పడితే డాక్టరుకు చెప్పండి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు వద్దు, ఏది పడలేదో తెలియదు, ఒకదాని డోసు విడిగా తగ్గించనూ లేరు. మొదలుపెట్టాక ఉన్నట్టుండి ఆపొద్దు. ప్రీగాబలిన్‌ను కనీసం వారం పాటు తగ్గిస్తూ రావాలి, డ్యులోక్సిటిన్‌కు ఇంకాస్త ఎక్కువే.

4. మద్యం: లెక్క తెలుసుకుని మాట్లాడదాం

సీఎంటీ లేనివాళ్లకు కూడా ఏళ్ల తరబడి తాగితే పాదాల నరాలు పాడవుతాయి. ఆల్కహాల్ నేరుగా నరపు పోగును దెబ్బతీస్తుంది, పైగా థయమిన్ అంటే బీ1 ఒంటబట్టనివ్వదు. ఏ ప్రమాణంలో తాగినా ఆరోగ్యానికి పూర్తి భద్రత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. సీఎంటీ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా "ఇంతవరకు ఫరవాలేదు" అనే అంకె ఏదీ లేదు. మానేయడమే మేలని మా అభిప్రాయం. అయినా తాగేవాళ్లుంటారు కనక, కొలత తెలియాలి.

పది గ్రాముల ఆల్కహాల్‌ను ఒక యూనిట్ అనుకుందాం. మన విస్కీ, బ్రాందీ 42.8 శాతం కాబట్టి 30 మి.లీ. చిన్న పెగ్గు ఒక యూనిట్, పెద్ద పెగ్గు రెండు, 180 మి.లీ. క్వార్టర్ ఆరు. అయిదు శాతం లైట్ బీరు 650 మి.లీ. సీసా రెండున్నర. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు అదే సీసాలో నాలుగు దాటుతుంది. "నేను బీరే తాగుతా" అనేవాళ్లు గమనించాల్సిన లెక్క ఇది. కల్లుకు లెక్కే లేదు: పులిసేకొద్దీ మారుతుంది, తెలంగాణలో కొన్ని డిపోల్లో అల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపి అమ్మడం పదేపదే పట్టుబడింది. ప్రీగాబలిన్ వాడే మనిషి అలాంటి కల్లు తాగితే రెండు మత్తులు కాదు, మూడు.

పడిపోవడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీఎంటీలో మద్యం చేసే మొదటి నష్టం అదే. పాదాల నుంచి మెదడుకు సమాచారం సరిగా అందదు కాబట్టి నిలబడటానికి కళ్లే ఆధారం. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒళ్లు ఊగి, చెయ్యి వాష్‌బేసిన్ అంచు పట్టుకోవడం ఈ జబ్బున్న ఎవరికైనా తెలిసిందే. మద్యం ఆ మిగిలిన ఆధారాన్నీ, చిన్నమెదడు సర్దుబాటునూ తగ్గిస్తుంది. అందుకే మిగతావాళ్లకు ఏమీ కాని రెండు పెగ్గులకు సీఎంటీ ఉన్నవాళ్లు మెట్ల మీద పడతారు, అదీ కరెంటు పోయినప్పుడో బాత్రూంలోనో.

రెండో నష్టం నిద్రలో. తాగి పడుకున్నవాడు పక్కకు తిరగడు. కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి నిద్రపోతే తెల్లారేసరికి మణికట్టు లేవదు. కింద బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చుంటే మోకాలి బయటి పక్క నరం నొక్కుకుపోయి పాదం పడిపోతుంది. హెచ్‌ఎన్‌పీపీ వాళ్లకైతే దీనికి మత్తు కూడా అక్కర్లేదు, మద్యం తోడైతే చెప్పేదేముంది.

చేతుల వణుకు ఉన్న కొందరికి ఒక పెగ్గుతో వణుకు తగ్గినట్టనిపిస్తుంది. అది కాసేపే, దిగాక వణుకు పెరుగుతుంది. అలవాటు పడటానికి ఇదొక దొడ్డిదారి. వణుకు ఇబ్బందైతే దానికి మందులున్నాయి, అడగండి.

తాగే రోజు పాటించాల్సినవి: ఒకటి రెండు యూనిట్ల లోపు, తిన్నాక, కుర్చీలో కూర్చుని. ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర, నిద్రమాత్ర వాడుతున్న కాలంలో అసలే వద్దు. మాత్ర ఆ పూట మానేసి తాగడం పరిష్కారం కాదు, మానేసిన మందు ఒంట్లో ఇంకా ఉంటుంది. డ్యులోక్సిటిన్‌తో మద్యం లివరును దెబ్బతీస్తుంది. నొప్పి మాత్ర డైక్లోఫినాక్‌తో అయితే కడుపులో రక్తస్రావం. రోజూ తాగేవాళ్లు పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాములు దాటకూడదు, అంటే 500 మాత్రలు నాలుగు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, పొద్దున్నే తలనొప్పి, పెద్ద గురక ఉన్నవాళ్లకు ఊపిరి కండరాల బలహీనతో, నిద్రలో ఊపిరాగడమో ఉండొచ్చు. ఆ పరీక్షలు అయ్యేదాకా మద్యం, నిద్రమాత్రలు రెండూ ముట్టుకోవద్దు.

5. మానేటప్పుడు

రోజూ క్వార్టరు, అంతకన్నా ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా ఇంట్లోనే మానకూడదు. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతిభ్రమణ రావచ్చు. కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లకూ ఇదే ప్రమాదం. ఆసుపత్రిలో మాన్పించమనండి, థయమిన్ ఇంజెక్షన్ ఇస్తున్నారా అడగండి. గ్లూకోజు సీసా ఎక్కించే ముందే అది పడాలి.

మళ్లీ తాగకుండా ఇచ్చే మందుల్లో డైసల్ఫిరామ్ సీఎంటీ ఉన్నవాళ్లకు వద్దు. అది తానే నరాల్ని పాడుచేస్తుంది. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ గురించి అడగండి. మొదటిదానికి లివరు, రెండోదానికి కిడ్నీ పరీక్ష చూసి ఇస్తారు. ఇక్కడ ఇంట్లోవాళ్లకు ఒక మాట. మనిషికి తెలియకుండా కూరలో, మజ్జిగలో కలిపే "తాగుడు మాన్పించే పొడి" చాలాచోట్ల డైసల్ఫిరామే. దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు, తాగకపోతే నరాలు పోతాయి. వదినో, అత్తగారో మంచి మనసుతో తెచ్చినా సరే, వాడకండి.

6. మనసు: దిగులును జబ్బు నుంచి విడదీసి చూడటం

సీఎంటీలో నష్టం ఒక్కసారి వచ్చి ఆగదు. మొన్న బస్సు మెట్లు, నిన్న పెన్ను, రేపు ఏదో. ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాలి. పైగా ఊళ్లో "నడక అలా ఉందేంట్రా, పొద్దున్నే వేసుకొచ్చావా?" అని అడిగేవాళ్లు. చుక్క ముట్టనివాడికి ఈ మాట ఎంత గుచ్చుకుంటుందో చెప్పక్కర్లేదు. "నరాల జబ్బు బాబాయ్, పుట్టుకతో వచ్చింది" అని ఒకే వాక్యం సిద్ధంగా ఉంచుకోండి, వివరణ వద్దు. డాక్టరు ఉత్తరం ఒకటి పర్సులో ఉంటే పోలీసు తనిఖీల్లోనూ పనికొస్తుంది.

దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో అలసట, నిద్ర, మెల్లగా కదలడం గురించిన ప్రశ్నలున్నాయి. సీఎంటీ ఉన్నవాళ్లకు అవి దిగులు లేకపోయినా మార్కులు పెంచుతాయి. కాబట్టి మొదటి రెండు ప్రశ్నల్ని విడిగా చూడండి: గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగిపోవడం. ఒక్కోదానికి 0 నుంచి 3. రెండూ కలిపి 3 లేదా ఆపైన వస్తే డాక్టరును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన గురించిన తొమ్మిదో ప్రశ్నకు "లేదు" తప్ప ఏ జవాబొచ్చినా ఆ రోజే.

మాత్ర రాయించుకునే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, నిద్రలో ఊపిరాగడం, ఇటీవల మొదలైన మందులు చూపించుకోండి. నొప్పీ దిగులూ కలిసి ఉంటే డ్యులోక్సిటిన్ ఒక్కటే రెండు పనులూ చేయొచ్చు. నొప్పి లేకపోతే సెర్‌ట్రాలిన్, ఎసిటలోప్రామ్‌లాంటివి ఇస్తారు. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు వాడాలి. వీటిని లినెజొలిడ్, ట్రమడాల్‌తో కలపడం ప్రమాదం, కాగితం చూపించడం అందుకే. అల్ప్రజోలామ్ మాత్రం దిగులుకు మందు కాదు. పడిపోవడాన్ని పెంచుతుంది, వదలదు. చావు ఆలోచనలున్న ఇంట్లో అమిట్రిప్టిలిన్ అట్టలకు అట్టలు ఉంచొద్దు, వారానికి సరిపడా కొని ఇంకొకరి దగ్గర పెట్టండి.

తల్లిదండ్రుల అపరాధ భావం వేరే సంగతి. సీఎంటీ1ఏలో ప్రతి కాన్పుకూ సగం సగం అవకాశం, ఎవరి తప్పూ కాదు. పెళ్లి సంబంధంలో దాచిపెడితే ఆ తర్వాత వచ్చే గొడవ దిగులును రెట్టింపు చేస్తుంది. జన్యు సలహాదారు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లాక మాట్లాడుకోవడం తేలిక. బడి పిల్లలకు 40 శాతం వైకల్య ధ్రువీకరణ ఉంటే పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం వస్తుంది. చెయ్యి నొప్పితో సగం జవాబులు వదిలేసి "మొద్దు" అనిపించుకునే పిల్లలకు అది మాత్రల కన్నా ఎక్కువ. ఆ ధ్రువీకరణ కోసం వైకల్యం తేల్చే సదరం శిబిరంలో పేరు నమోదు చేయించండి.

మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మనిషి ప్రాణం తీసుకునే స్థితిలో ఉంటే ఒంటరిగా వదలకుండా 108.

7. ఇది సీఎంటీ కాదు అని గుర్తించడం

సీఎంటీ ఏళ్ల లెక్కన నడుస్తుంది. రోజుల్లో, వారాల్లో బలం తగ్గితే కారణం వేరే వెతకాలి: కొత్త మందు, బీ12, షుగరు, మద్యం, లేదా గిలియన్ బారీలాంటి ఇంకో నరాల జబ్బు. మూత్రం ఆగిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి చాలకపోవడం, మొహం ఒకవైపు జారడం ఉంటే అదే గంటలో ఆసుపత్రి. "మాకు వంశంలో ఉన్నదే" అని ఇంట్లో కూర్చోవద్దు, డ్యూటీ డాక్టరును కూడా అలా అననివ్వొద్దు. కాగితం, వాడుతున్న అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని, చివరిసారి ఎప్పుడు ఎన్ని యూనిట్లు తాగారో దాచకుండా చెప్పండి.